వాయుగుండం పట్టిన మధ్యాహ్నం, సినిమా ప్రింటు ఫిల్మూ

చిన్నప్పుడు మా వీధిలో పిల్లలందరి దగ్గరా ఒక అగ్గిపెట్టె ఉండేది, దాన్నిండా సినిమా ఫిల్మ్ ముక్కలు. థియేటర్ వెనక చెత్తలో ఏరుకొచ్చినవి కొన్ని, ఆపరేటర్‌ని బతిమాలి తెచ్చుకున్నవి కొన్ని. ఫ్యూజు పోయిన బల్బు వెనకభాగం జాగ్రత్తగా పగలగొట్టి నీళ్ళు పోసి, అద్దం ముక్కతో ఎండని కిటికీలోంచి లోపలికి కొట్టి, గోడ మీద బొమ్మ పడేలా చేసేవాళ్ళం. ఫైటు ఉన్న ముక్కకి రెండు గోళీలు ఎక్కువ ఇవ్వాలి. ఆ ముక్క ఏ కంపెనీదో దాని స్పీడెంతో అప్పుడెవడికి కావాలి చెప్పండి. ఇన్నేళ్ళ తర్వాత అదే జాతి ఫిల్ము, కాకపోతే ఇంకా బొమ్మ పడనిది, 100 అడుగుల డబ్బా ఒకటి నా చేతికొచ్చింది, గత కొన్ని నెలలుగా నా ఆదివారాలన్నీ దానికే సమర్పయామి.

డబ్బా మీద కొడాక్ 2383 అని ఉంది. ఇది కెమెరాలో వేసే ఫిల్ము కాదు. సినిమా షూటింగు నెగెటివ్ మీద చేసి, ఆ నెగెటివ్‌లోంచి లైటు పంపించి దీని మీద ప్రింటు కొట్టి, రీళ్ళు చుట్టి, బాక్సుల్లో పెట్టి హాళ్ళకి పంపేవాళ్ళే, ఆ ప్రింటు ఫిల్మన్నమాట. డిజిటల్ వచ్చాక మన ఊరి హాళ్ళలో వీటి పని అయిపోయింది. చెన్నైలో పాత కెమెరా సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర ఇది పడుంటే రెండు ఎక్టార్ (మామూలు కలర్ ఫొటో ఫిల్ము) రోల్స్ ధరకి ఇచ్చేసాడు, ఆయనకి వదిలిపోయింది నాకు అంటుకుంది.

ఎందుకు కొన్నానంటే స్పీడు కోసం, అంటే లేని స్పీడు కోసం. స్పీడంటే ఫిల్ము లైటుని ఎంత త్వరగా పట్టుకుంటుందో ఆ లెక్క, దాని నంబరునే ఐఎస్ఓ అంటారు, అది తగ్గేకొద్దీ లైటు ఎక్కువ కావాలి. నాకు లాంగ్ ఎక్స్‌పోజర్ పిచ్చి, అంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచి తీసే ఫొటోల పిచ్చి, వైజాగ్‌లో సముద్రం పక్కనే ఉన్నవాడికి ఆ పిచ్చి లేకపోతేనే ఆశ్చర్యం. కానీ పగటిపూట షట్టర్ సెకను దాటి తెరిచి ఉంచాలంటే లెన్సుకి నల్ల అద్దం ఎన్‌డీ ఫిల్టర్ బిగించాలి, అది బిగిస్తే వ్యూఫైండర్లో ఏమీ కనపడదు, ఫ్రేము పెట్టుకుని ఫిల్టర్ తిప్పేలోపు ట్రైపాడ్ కదులుతుంది, ఇదంతా నాకు విసుగు. లైటుని ఆపేబదులు లైటు పట్టించుకోని ఫిల్మే వేస్తే పోలా అనుకున్నా. కలర్లో నిజంగా స్లో ఫిల్మ్ అంటే ఇప్పుడు దొరికేవి తక్కువ. 1935లో మొదటి కోడాక్రోమ్ వచ్చినప్పుడు దాని స్పీడు ఇప్పటి లెక్కలో 10 దగ్గరే, తర్వాత కోడాక్రోమ్ 25 ఉండేది, అది పోయింది, 2009లో ఆ పేరే ఆపేసారు, అమెరికాలో కాన్సస్‌లో పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో ఆఖరి ల్యాబ్ 2010 చివరిదాకా కడిగి తర్వాత అదీ ఆపేసింది. ఎక్టార్ 25 కూడా ఎప్పుడో పోయింది. మిగిలినవాటిలో చెప్పుకోదగ్గది ఫూజీ వాళ్ళ వెల్వియా 50, దాని ధర చూస్తే బీపీ. ఈ 2383 అయితే నా లెక్కలో ఐఎస్ఓ 1.6. అవును, ఒకటిన్నర చిల్లర. నా పెంటాక్స్ కె1000 డయల్ మీద అన్నిటికంటే చిన్న నంబరు 20, అంటే కెమెరా మీటరు ఈ ఫిల్ము విషయంలో అలంకారానికే.

మా వీధి చివర ఒక బాబాయ్ ఉన్నాడు, చుట్టం కాదు, వీధంతటికీ బాబాయే. పాతూళ్ళో ఒక హాల్లో ఇరవై ఏళ్ళు ఆపరేటర్‌గా చేసాడు. ఫిల్ము ముక్క చూపిస్తే కళ్ళజోడు పైకెత్తి, రెండు వేళ్ళతో అంచు తడిమి, "ఇది ప్రింటు ఫిల్ము కదేట్రా, దీంతో ఫొటోలు తీత్తావా? దీనికి లైటు బకెట్ల కొద్దీ పొయ్యాలి" అన్నాడు. "ఏది, సింపు సూద్దాం" అని చేతికిచ్చాడు. లాగాను, మెలితిప్పాను, పంటితో కూడా చూసా, సాగింది గానీ తెగలేదు. "పాతది పుటుక్కుమనేది, అంటించుకుని మళ్ళీ ఏసేవోళ్ళం. ఈ పాలిస్టరుది వచ్చాక మిసనే ఇరగాలి గానీ ఇది తెగదు. నీ కెమెరా జాగర్త." ఈ ఒక్క మాట నాకు పదివేలు మిగిల్చింది. రోలు చివరికొచ్చాక మామూలు ఫిల్ములా బలంగా లాగితే తెగేది ఫిల్ము కాదు, కెమెరా లోపలి గేరు పళ్ళు. అందుకే 30 ఫ్రేములు దాటాక లివరు కాస్త బిగుసుకున్నా ఆపేస్తున్నా.

అదృష్టం ఏంటంటే ఫిల్ము అంచుల్లో ఉండే కన్నాలు సరిపోయాయి. సినిమా కెమెరా నెగెటివ్‌కి ఉండే కన్నాల ఆకారం వేరు, ప్రింటు ఫిల్ముకి ఉండేవి వేరు, మన 35 ఎంఎం ఫొటో రోల్స్‌కి వాడేది ఆ ప్రింటు రకమే. కాబట్టి పళ్ళ మీద బుద్ధిగా కూర్చుంటుంది. ఖాళీ క్యాసెట్లలోకి చుట్టుకుంటే డబ్బాకి 18 రోల్స్ దాకా వస్తాయి. బాబాయ్ అక్కడే లెక్క కట్టేసాడు, హాల్లో సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు, అంటే నేను కొన్న డబ్బా మొత్తం కలిపి నిమిషం పైన ఏడు సెకన్ల సినిమా, నా ఒక్కో రోలు మూడున్నర సెకన్లు. "హీరో చెప్పులిడిసే లోపు అయిపోద్ది" అన్నాడు. ఆ మూడున్నర సెకన్లు తియ్యడానికి నాకు ఒక్కోసారి రెండు వారాలు పడుతోంది.

మొదటి రెండు రోల్స్ బాత్రూంలోనే తగలేసా. తప్పు పూర్తిగా నాదే. ప్రింటు ఫిల్ము అంత స్లో కాబట్టి ల్యాబుల్లో మసక ముదురు పసుపు లైటు కింద దీన్ని పట్టుకోవచ్చని చదివా, చదివినవాణ్ణి పసుపు దగ్గర ఆగాలి కదా, డార్క్‌రూం అంటే ఎర్ర లైటే అని సినిమాల్లో చూసిన జ్ఞానం ఒకటుంది, పూజగదిలోంచి ఎర్ర జీరో బల్బు తెచ్చి పెట్టా. అది నలుపు తెలుపు పేపర్‌కి చెల్లుతుంది, పేపర్‌కి ఎరుపు కనపడదు కాబట్టి. ఇది కలర్ ఫిల్ము, ఎరుపు చూడ్డానికి దీంట్లో ప్రత్యేకంగా ఒక పొరే ఉంది. కడిగాక రోలంతా ఒకే రంగు మడ్డి. అమ్మ బయట నిలబడి "ఒరేయ్, స్నానానికి పోవాలి, ఇంకెంతసేపురా" అంటోంది, నేను లోపల తల పట్టుకుని కూర్చున్నా. పూజగదిలో బల్బు మాయమైన సంగతి తర్వాత తెలిసింది, దాని మీద వేరే క్లాసు.

రెండో తప్పు ఇంకా చిత్రం. ఈ పాలిస్టరు బేస్ గాజు ముక్కలా తేటగా ఉంటుంది, క్యాసెట్ బయటికున్న తోక మీద ఎండ పడితే ఆ వెలుగు బేస్ లోపల్లోపల పాక్కుంటూ క్యాసెట్‌లోకి వెళ్ళిపోతుంది, పైపులో నీళ్ళు వెళ్ళినట్టు. ఆర్కే బీచ్‌లో ఎండలో నిలబడి దర్జాగా రోలు మార్చా, మొదటి ఐదు ఫ్రేములకి కన్నాల వైపు నుంచి మంటల్లాంటి చారలు. ఇప్పుడు వెలుతురు దూరని చేంజింగ్ బ్యాగ్‌లోనే ఎక్కిస్తున్నా, బీచ్‌లో జాకెట్ చేతుల్లాంటి దాని చేతుల్లోకి రెండు చేతులూ దూర్చి కూర్చుంటే జనం నాకేదో అయ్యిందని చూస్తారు, చూడనీ.

సరే అసలు కథ. నా ప్లాను సూర్యోదయం. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, తెల్లారకముందు నీలం వెలుగు, పొగలాంటి నీళ్ళు, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇదీ ఊహ. ఐదింటికల్లా వెళ్ళి ఫోన్‌లో మీటర్ యాప్ చూస్తే ఎఫ్ 16 దగ్గర, అంటే లెన్సు కన్నం బాగా చిన్నగా పెడితే, 40 సెకన్లు వచ్చింది, ఇచ్చా. కడిగితే ఫిల్ము దాదాపు ఖాళీ. మర్నాడు రెండు నిమిషాలు ఇచ్చా, ఆకాశం పచ్చలోకి తిరిగింది, రాళ్ళ నీడలు వంకాయ రంగు. మూడోసారి నాలుగు నిమిషాలు ఇస్తే పైభాగం మాడిపోయింది, కిందది మాత్రం ఇంకా అంతే.

దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. ఫిల్ము మీద ఉండేవి వెండి ఉప్పు రేణువులు. లైటు తగిలితే రేణువులో వెండి పరమాణువు ఒకటి పుడుతుంది, ఒక్కటే ఉంటే నిలవదు, కాసేపటికి చెదిరిపోతుంది, కొన్ని వెంటవెంటనే పుట్టి ఒకచోట చేరితేనే డెవలపర్ పట్టుకోగల మచ్చ అవుతుంది. చిల్లికుండ లాంటిది, బిందెతో కుమ్మరిస్తే నిండుతుంది, అవే నీళ్ళు చెంబుచెంబుగా పోస్తే ఎంతసేపు పోసినా అడుగునే. 1900 ప్రాంతంలో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ నక్షత్రాల ఫొటోలు తీస్తూ ఈ లెక్క కట్టాడు, తర్వాత బ్లాక్ హోల్స్ లెక్కల్లో పేరొచ్చిన ఆయనే. నలుపు తెలుపులో అయితే టైము పెంచుకుంటే చాలావరకు సరిపోతుంది. కలర్లో మూడు పొరలు, మూడు కుండలు, మూడింటి చిల్లులూ మూడు సైజులు, అందుకే ఎక్కువసేపు ఉంచేకొద్దీ రంగులు తలోదారి పడతాయి. వెల్వియా 50కి ఫూజీ వాళ్ళే రాసారు, 4 సెకన్ల నుంచి మెజెంటా ఫిల్టర్ పెట్టుకోమని, 64 సెకన్లు వద్దేవద్దని. అది కెమెరా కోసం చేసిన ఫిల్ము. మరి ఇది ప్రింటరు లోపల రెప్పపాటులో గట్టి లైటు తాగి వెళ్ళిపోయే జీవి, దాన్ని తెల్లవారుజామున నాలుగు నిమిషాలు మేలుకోమంటే ఏం చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, మన వైపు సూర్యుడు నిటారుగా లేస్తాడు, తెల్లారడం చకచకా అయిపోతుంది. నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్ మొదలెట్టినప్పుడున్న వెలుగు వేరు, మూసేటప్పటికున్న వెలుగు వేరు. ఏ లెక్క పట్టుకోవాలి? ఎనిమిది ఉదయాలు పోయాయి. వాకింగ్‌కొచ్చే పెద్దాయన ఒకరు రోజూ పలకరించేవారు, "ఏమయ్యా వచ్చిందా", "లేదండి", ఇదే సంభాషణ.

రంగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దారి అక్కడే తెరుచుకుంది. ఒకసారి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళా, ఎరుపుకి అంతకన్నా పరీక్ష ఏముంటుంది. స్కాన్ చేసి తిరగేసి చూస్తే ఆ దిబ్బలు తడి బొగ్గులా ఉన్నాయి, ఆకాశం మాత్రం కొట్టొచ్చే నీలం. ఆలోచిస్తే తట్టింది. మామూలు కలర్ నెగెటివ్ కడిగాక నారింజ రంగులో ఉంటుంది కదా, ప్రింటు ఫిల్ము పుట్టిందే ఆ నారింజలోంచి చూడ్డానికి. ఆ నారింజ నీలాన్నీ పచ్చనీ చాలా తినేస్తుంది, ఎరుపుని వదిలేస్తుంది, అందుకని ఫిల్ములో ఎరుపు పొరని కావాలని మందకొడిగా ఉంచారు. నేనేమో నారింజ లేకుండా నేరుగా ఎండ చూపించా. అయితే నారింజ పెడితే పోతుంది.

షాపులో నారింజ ఫిల్టర్ దొరుకుతుంది, కానీ నా దగ్గర అసలు సరుకే ఉందిగా. పాత నెగెటివ్ రోలు చివర ఏమీ తియ్యకుండా మిగిలిపోయిన ఖాళీ ముక్క, నాలుగు వేళ్ళ పొడవు. 50 ఎంఎం లెన్సుకి పాత ఫిల్టర్ రింగు ఒకటి తీసుకుని, అద్దం ఊడగొట్టి, నల్ల అట్టలో చిన్న కిటికీ కోసి, దాని వెనక ఈ ముక్క అతికించా. చూడ్డానికి స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్ సరుకే. కొంచెం మెత్తగా వస్తుంది బొమ్మ, షార్ప్‌నెస్ కొలిచేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపెయ్యొచ్చు. కానీ దిబ్బలు ఎర్రగా వచ్చాయి! ఇటుక ఎరుపు, నీడల్లో కాస్త కాఫీ రంగు, బాగుంది. పోయింది స్పీడు, 1.6 కాస్తా 0.5 అయింది. ఈ 0.5 లెక్కకి చాలా తేలిక, ఫోన్ యాప్‌లో ఐఎస్ఓ 50 పెట్టు, వచ్చిన టైముని వందతో గుణించు, 1/50 అంటే రెండు సెకన్లు, అంతే.

ఇక్కడే మబ్బు విడింది, మాటవరసకి అన్నా గానీ నిజానికి మబ్బు పట్టింది. గట్టి ఎండలో ఎఫ్ 16 దగ్గర సరిగ్గా రెండు సెకన్లు వస్తుందని తేలింది. మిట్టమధ్యాహ్నం, నల్ల అద్దం లేకుండా, రెండు సెకన్లు! ఫొటోలు తీసేవాళ్ళెవరూ పన్నెండింటికి బీచ్‌కి పోరు, వైజాగ్ ఎండలో పోతే మనిషి అప్పడమే. పోయా. రెండు సెకన్లకి రెసిప్రాసిటీ గోల పెద్దగా లేదు, రంగులు మాట విన్నాయి. కానీ ప్రింటు ఫిల్ము కాంట్రాస్ట్, అంటే వెలుగుకీ నీడకీ మధ్య తేడా, మహా మొండి, మామూలు నెగెటివ్‌లో మెత్తగా పడుకున్న చప్పటి బొమ్మని తెర మీద నిలబెట్టేందుకే దీన్ని చేసింది, దానికి మధ్యాహ్నపు ఎండ చూపిస్తే నురగ సున్నం, రాయి తారు, మధ్యలో ఇంకేమీ లేదు. డెవలపర్ టైము మూడుంపావు నిమిషాల నుంచి రెండున్నరకి తగ్గించి చూసా, ఉపశమనమే గానీ జబ్బు పోలేదు. కలర్ నెగెటివ్‌లు కడిగే మామూలు సీ-41 కిట్‌తోనే ఇంట్లో కడుగుతున్నాలెండి, 38 డిగ్రీలు కావాలి, మే నెలలో మా మేడ మీద ట్యాంకు నీళ్ళు పడితే గీజర్ కూడా అక్కర్లేదు.

అంటే కావాల్సింది పగలే, కానీ చప్పటి పగలు, నీడ పడని మధ్యాహ్నం. అలాంటివి మనకి బంగాళాఖాతం పంపిస్తుంది. వాయుగుండం అని టీవీలో చెప్పగానే, పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసారనగానే, ఊరంతా బట్టలు లోపలేసుకుంటుంది, నేను ట్రైపాడ్ బయటికి తీస్తున్నా. మా ఆవిడకి ఇది అస్సలు నచ్చట్లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి దిగా. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ, ఎంవీ మా, లంగరు తెగి కొట్టుకొచ్చి కూర్చున్నది అక్కడే, అదీ వాయుగుండం పుణ్యమే. ఆకాశం మొత్తం ఒకటే బూడిద, గాలి మాత్రం విపరీతం. ఎఫ్ 5.6, రెండు సెకన్లు. ట్రైపాడ్ కాళ్ళు ఇసకలో పెడితే కెరటం వెనక్కి పోయేటప్పుడు కాలి కింద ఇసక లాగేసుకుంటుంది చూడండి, అరికాలు చక్కిలిగింతలు పెట్టినట్టు, ట్రైపాడ్‌కీ అంతే, రెండు సెకన్లలో గోరంత కుంగుతుంది, అది చాలు ఫ్రేము పోవడానికి. అందుకని రాళ్ళ సందుల్లో ఇరికించి, సంచిలో ఇసక నింపి మధ్యలో వేలాడదీసా. లెన్సు మీద ఉప్పు పొర, తుడిచినా నిమిషంలో మళ్ళీ. ఆ పొర కాంట్రాస్ట్‌ని ఇంకాస్త మెత్తబరిచిందనే నా అనుమానం, అందుకే సగం నుంచి తుడవడం మానేసా.

పక్క రాయి మీద ఒకతను గేలం వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూసి చూసి, "ఏటి బాబూ, సర్వేనా?" అన్నాడు.

"కాదన్నా, ఫొటో."

"ఫొటోకి ఇంతసేపేటి? రోడ్డు ఎడల్పు సేత్తారంట కదా, అందుకేమో అనుకున్నాను."

"ఫిల్ము స్లో అన్నా, మెల్లగా పడుతుంది."

"మా సేపలాగే" అన్నాడు, మళ్ళీ అటు తిరిగిపోయాడు.

ఆ ఫ్రేము గురించి చెప్తా. ముందు రెండు ఎర్ర గోధుమ రాళ్ళు, ఖొండలైటు, తడిసిన చోట బెల్లం పాకం రంగు. వాటి మధ్యలోంచి కెరటం వెనక్కి పోతోంది, అర నిమిషం ఇచ్చి ఉంటే అది పాలపొగ అయిపోయేది, నెట్‌లో వెయ్యి చూసాం అలాంటివి, ఇక్కడ రెండు సెకన్లకి నురగలోని ఒక్కో బుడగా ఒక్కో గీత గీసింది, దువ్విన జుట్టులా రాళ్ళ చుట్టూ తిరిగి కిందకి దిగింది, ఎటు తిరిగిందో ఎక్కడ ఆగిందో లెక్కపెట్టొచ్చు. నీళ్ళది నీలం కాదు, సీసా పచ్చ, మబ్బు రోజు మన సముద్రం నిజంగా ఉండే రంగు. కుడి పక్క అతను, నడుం దాకా శిల్పంలా ఉన్నాడు, తల మాత్రం రెండు చోట్ల, బహుశా నా వైపు తిరిగినప్పుడు. గేలం కర్ర మొదలు ఉంది, చివర లేదు, దారం అసలే లేదు.

ఫోన్‌లో చూపిస్తే బాబాయ్ జూమ్ చేసి చేసి చూసి, "ప్రింటు బానే ఉంది గానీ సౌండు ట్రాక్ ఎయ్యలేదేట్రా" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు ఆయన దగ్గర రాదు.

ఆ రోలులో 30 తీస్తే నాకు నచ్చినవి నాలుగు. రెండింట్లో ట్రైపాడ్ కదిలింది, కొన్నింట్లో మబ్బు చీలి ఒక్క క్షణం ఎండ కొట్టింది, మిగతావి ఊరికే బాలేవు. నాలుగు సెకన్లు దాటాక పచ్చదనం మొదలవుతోంది, ఎనిమిదికి స్పష్టంగా తెలుస్తోంది, కాబట్టి నా మటుకు దీనికి హద్దు నాలుగే. సూర్యోదయం ఆలోచన మానేసా, ఆ వాకింగ్ పెద్దాయనకి చెప్పలేదు, పాపం ఇంకా అడుగుదామని చూస్తుంటారేమో.

డబ్బాలో ఇంకో ఏడు రోల్స్‌కి సరిపడా ఉంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం అప్పుడు ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉంటాయి, అవి రెండు సెకన్లలో ఎంత ఊగుతాయో చూడాలని ఉంది, కాకపోతే ఆ నెలల్లో మబ్బు దొరకడం కష్టం. అక్టోబరు దాకా ఆగాలేమో. మీలో ఎవరి దగ్గరైనా లాక్ అయ్యే కేబుల్ రిలీజ్, అంటే షట్టర్‌ని నొక్కి పట్టే తీగ, పాతది ఉంటే చెప్పండి, నాది ఉప్పు పట్టి బిగుసుకుపోయింది, వేలితో నొక్కి పట్టుకుంటున్నా.